మొదటి అయిదు సీసీలు

సాంబన్న నాగపూర్ నుంచి ఒక్కడే వచ్చాడు. సిరొంచ బస్టాండులో దిగినవాడు ఇంటిదారి పట్టకుండా, చేతిసంచీతో సహా తిన్నగా డాక్టర్ కృష్ణకాంత్ దవాఖానకు వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. పది మంచాల చిన్న దవాఖాన అది. జ్వరాలు, కాన్పులు, పాముకాట్లు, ఎప్పుడో ఒకసారి ఎలుగుబంటి గీరిన గాయాలు. అంతకు మించిన జబ్బయితే డాక్టరు చీటీ రాసి చంద్రపూర్‌కో నాగపూర్‌కో పంపేవాడు. రెండువేల ఏడులో ఆ చుట్టుపక్కల అంతకన్నా వేరే దారి లేదు.

ఒంటరిగా వచ్చిన సాంబన్నను చూసి నర్సు ప్రశాంతికి గుండె ఝల్లుమంది.

"యాదక్క ఏది?"

"మంచిగనే ఉన్నది బిడ్డా, పరేషాన్ గాకు. మంచిగున్నది కాబట్టే నా పానం తింటున్నది. ఇంటికి తీస్కపో, ఇంటికి తీస్కపో అని ఒక్కటే లొల్లి," అన్నాడు సాంబన్న.

యాదక్క అతని భార్య. నలభై ఎనిమిదేళ్లుంటాయి. ప్రాణహిత ఒడ్డున వాళ్లకు మూడెకరాల వరిపొలం. పేరుకు సాంబన్నది, చేయించేది మాత్రం యాదక్కే. ఆమె గట్టు మీద నిలబడి కేకేస్తే పక్క ఊళ్లో ఎద్దులు తలెత్తి చూస్తాయని చెప్పుకునేవారు. ఎండాకాలంలో ఆమె మెడకు గడ్డలు లేచాయి. చూడగానే కృష్ణకాంత్ నాగపూర్ పంపాడు. క్యాన్సరేనని, కానీ మందుకు లొంగేదేనని అక్కడి డాక్టర్లు తేల్చారు. ఆరు విడతల మందు. మూడు విడతలయ్యేసరికి గడ్డలు చేతికి తగలకుండా కరిగిపోయాయి. ఈలోగా సూదుల దెబ్బకు చేతుల్లో నరాలన్నీ తాడులా గట్టిపడ్డాయి. ఇక లాభం లేదని ఛాతీ మీద చిన్న కోత పెట్టి, పెద్ద నరంలో నుంచి గుండె దాకా ఒక సన్నటి గొట్టం దింపారు. మందు ఎక్కించాలన్నా, రక్తం తీయాలన్నా ఇక దానిలోంచే.

"వారానికోపారి గా గొట్టం కడుగాలెనట. వారానికోపారి అండ్లకెళ్లి రక్తం తీసి పరీక్షకు పంపాలెనట. పద్ధతి తెల్సిన నర్సు మీ దిక్కు ఉంటె ఇంటికి పొండ్రి, లేకుంటె మందు అయ్యేదాక ఈడనే ఉండుండ్రి అన్నరు. వరి ఈనింది సారూ. గింజ పాలు పోసుకుంటున్నది. చిలుకలు పడె టైమిది. ఆమె ఆడ ఆగుతదా?"

కృష్ణకాంత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు రాదు సాంబన్నా. అబద్ధమెందుకు చెప్పాలె? గుండె దాక పోయిన గొట్టం గది. చేతికి మట్టి ఉన్నా, అండ్లకు జర గాలి పోయినా పెద్ద ప్రమాదం."

"నేను పోయి నేర్సుకొస్త సార్," అంది ప్రశాంతి.

ఆ మాట నోటి నుంచి వచ్చాక గాని తానే అన్నానని ఆమెకు తెలియలేదు. ఇరవై ఆరేళ్ల పిల్ల. నర్సు చదువు పూర్తిచేసి మూడేళ్లు. దొరకని నరాన్ని వెతికి పట్టడంలో చెయ్యి తిరిగిందని ఊళ్లో పేరు తెచ్చుకుంది. డాక్టరు ఆమె వంక ఒక నిమిషం చూసి, ఫోను దగ్గరికి నడిచాడు.

నాగపూర్‌లో ఆమెకు నేర్పింది సుశీలాబాయి అనే వార్డు సిస్టరు. ముప్పయ్యేళ్ల సర్వీసు, బస్సు హారనులాంటి గొంతు. మొదటి రోజంతా ప్రశాంతి చేత చేతులు కడిగించడమే సరిపోయింది. వేళ్ల సందులు, గోళ్ల కొసలు, మణికట్టు. తర్వాత స్పిరిటు దూదితో గొట్టం మూతను రుద్దడం. మనసులో ముప్పై లెక్కపెట్టేదాకా చెయ్యి ఆపకూడదు. ఇరవై రెండు దగ్గర ఆపితే సుశీలాబాయికి ఎలా తెలిసేదో గాని, వార్డు అవతలి కొస నుంచి "ఘాయీ నకో!" అని కేక వినిపించేది. తొందర వద్దని ఆ మరాఠీ మాటకు అర్థం. నాలుగు రోజుల్లో ప్రశాంతి ఆ మాటను నలభై సార్లు విని ఉంటుంది.

రెండో రోజు, మూడో రోజు ఎర్రరంగు కలిపిన సెలైన్ సంచీ మీద అభ్యాసం. గొట్టానికున్న క్లిప్పు బిగించనిదే మూత తీయకూడదు. ముందు సెలైన్ పంపి దారి సాఫుగా ఉందో లేదో చూడాలి. తర్వాత అయిదు సీసీలు వెనక్కి లాగి, ఆ సిరంజిని పక్కన పారెయ్యాలి. ఇంకో కొత్త సిరంజితో పరీక్షకు కావలసినంత తీయాలి. ఆ పైన మళ్లీ సెలైన్‌తో కడిగి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు నింపి, క్లిప్పు వేసి, మూత పెట్టాలి.

"ఆ మొదటి అయిదూ ఎందుకు పారేస్తాం?" అని అడిగింది సుశీలాబాయి.

"గొట్టంలో నిలిచిన నీళ్లు, మందు వాటిలో కలిసి ఉంటాయి కనక."

"అంతే. అవి పారెయ్యకపోతే నువ్వు పరీక్షకు పంపేది మనిషిని కాదు, గొట్టాన్ని."

నాలుగో రోజు యాదక్కకే చేసింది ప్రశాంతి. రక్తం చక్కగా వచ్చింది. సుశీలాబాయి మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఆమె తిట్టకపోవడమే సర్టిఫికెట్ అని పక్క వార్డు నర్సులు చెప్పారు.

ఆ సాయంత్రమే యాదక్కను బస్సెక్కించారు. ఆష్టిలో బస్సు ఆగితే వేడివేడి భజ్జీల వాసనకు యాదక్క కిటికీలోంచి సగం బయటికి వంగింది. బయటి తిండి కూడదని ప్రశాంతి ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఒక్కటి తింటె ఏమైతదే? నన్ను ఇంటికి తోలుకపోతున్నవా, జైలుకు తోలుకపోతున్నవా?"

"మొదలు ఇంటికి పోదాం యాదక్కా. మందు మొత్తం అయినంక భజ్జీల బండే కొనిస్త."

ఇంటికొచ్చాక వచ్చే పోయే వాళ్లందరికీ యాదక్క గొట్టం చూపించింది. "రెండు పాయలు చూడు. మందుకు తెల్ల మూత, రక్తానికి ఎర్ర మూత. మన బోరింగు లెక్కనే. కొడితె వస్తది," అని గొప్పగా చెప్పింది.

మొదటి గురువారం ఆ బోరింగు రాలేదు.

దవాఖానలో చివరి మంచం మీద తెల్ల దుప్పటి పరిచారు. ప్రశాంతి చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, మనసులో ముప్పై లెక్కపెట్టి మూత రుద్దింది. సెలైన్ హాయిగా లోపలికి పోయింది. వెనక్కి లాగితే మాత్రం సిరంజిలోకి చుక్క రాలేదు. రెండో పాయ చూసింది. అదీ అంతే. తలుపు దగ్గర కాంపౌండర్ దుర్గయ్య ఐసు పెట్టిన థర్మోకోల్ డబ్బాతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. రక్తం అందగానే అతను పడవలో ప్రాణహిత దాటి, అవతల అర్జునగుట్టలో బండి పట్టుకుని, చెన్నూరు ల్యాబులో ఇచ్చి రావాలి.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు సాంబన్న.

ప్రశాంతి వెన్ను మీద చెమట దిగుతోంది. ఇంకొంచెం గట్టిగా లాగితే వస్తుందేమోనని వేళ్లు ఆత్రపడ్డాయి. చెవిలో సుశీలాబాయి గొంతు బస్సు హారనులా మోగింది. క్లిప్పు బిగించి, మూత పెట్టి, లేచి ఫోను దగ్గరికి వెళ్లింది.

"సెలైన్ లోపలికి పోతోందా?" అడిగింది సుశీలాబాయి.

"పోతోంది బాయీ. నొప్పి లేదు, వాపు లేదు. వెనక్కే రావడం లేదు."

"గట్టిగా లాగావా?"

"లేదు."

"శభాష్." ఆమె నోట ఆ మాట వినడం ప్రశాంతికి అదే మొదలు. "గొట్టం కొస నరం గోడకు ఆనుకుని ఉంటుంది, అంతే. మనిషిని కదిలించు. పక్కకు తిప్పు, దగ్గమను, చెయ్యెత్తమను. అప్పటికీ రాకపోతే నాకు మళ్లీ ఫోన్ చెయ్."

ప్రశాంతి మళ్లీ చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు వేసుకుని, మొదటినుంచి మొదలుపెట్టింది. యాదక్క ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. దగ్గింది. ఊపిరి బిగబట్టింది. రక్తం రాలేదు. మళ్లీ నాగపూర్ పొమ్మంటారేమోనన్న దిగులుతో ఆమె ముఖం చిన్నబోయింది. కుడిచెయ్యి ఎత్తమంటే, బడిలో పాఠం రాని పిల్లలా చెవి దాకా ఎత్తి ఊరుకుంది.

"గదేం ఎత్తుడే?" అన్నాడు సాంబన్న పక్కనుంచి. "మన తూర్పు మడిల చిలుకలు పడ్డయనుకో. గప్పుడు గిట్లనే ఎత్తుతవా?"

"పడ్డయా?" యాదక్క తల తిప్పింది. "ఎన్ని?"

"మందకు మంద. నేను ఈడ కూసున్న, ఆడ మడి మొత్తం ఊడ్సుకపోతున్నయి."

"ఓరి నీ... గది ఇప్పుడా చెప్పుడు!"

అంటూనే లేచి కూర్చుంది. కుడిచెయ్యి నెత్తి మీదుగా గాలిలో గిర్రున తిరిగింది, చేతిలో వడిసెల ఉన్నట్టే. "హోయ్... హో హో హో!" అన్న కేక దవాఖాన రేకులను తాకి రోడ్డు మీదికి పోయింది. గొట్టం గుంజుకుపోకుండా ప్రశాంతి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆమెతో పాటే లేచింది. చూస్తుండగానే సిరంజిలోకి ముదురు ఎరుపు జారుకుంటూ వచ్చింది.

"వచ్చింది! చెయ్యి దించకు యాదక్కా! ఇంకో రెండు చిలుకలు!"

"హో హో హో!"

మొదటి సిరంజిలో అయిదు సీసీలు. అది పక్కన పెట్టి, రెండో సిరంజి. కొత్తగా కాన్పయిన సత్తవ్వ ఎదుటి మంచం మీద నవ్వు ఆపుకోలేక కుట్లు పట్టుకుంది. ఏం మునిగిందోనని డాక్టరు గదిలోంచి పరుగున వచ్చి, చెయ్యెత్తి ఉన్న యాదక్కను చూసి తలుపు పట్టుకుని నవ్వాడు. దుర్గయ్య డబ్బా తీసుకుని రేవుకు పరిగెత్తాడు. సాయంత్రానికి చెన్నూరు నుంచి ఫోను వచ్చింది. రక్తం పది పాయింట్ల పైన ఉంది, మిగతా లెక్కలన్నీ బాగున్నాయి.

అంత సంతోషంలోనూ యాదక్క ఒక్క విషయం మరిచిపోలేదు. ప్రశాంతి ఆ మొదటి సిరంజిని డబ్బాలో పడెయ్యడం ఆమె చూసింది.

"గది ఎందుకు పారేసినవ్ బిడ్డా?"

గొట్టంలో నీళ్లు కలిసి ఉంటాయని ప్రశాంతి విడమరిచి చెప్పింది. యాదక్క విన్నది గాని ఒప్పుకోలేదు. "ఎర్రగనే ఉండె గద. నాకు రక్తం తక్కువైనప్పుడు మా అన్న కొడుకు చంద్రపూర్ నుంచి వచ్చి, మంచం మీద పండి ఇచ్చిండు. గా పొల్లగాని రక్తం గిట్ల డబ్బల పడ్తుంటె నా కడుపుల దేవినట్టయితున్నది," అంది.

ఆ మాట ప్రశాంతికి ముల్లులా గుచ్చుకుంది. మరుసటి గురువారం సిరంజిని వెనక్కి లాగుతుంటే యాదక్క కళ్లు దాని మీదే ఉన్నాయి. ముఖం ముడుచుకుని చూస్తోంది. లేత ఎరుపు ఒక సీసీ దాకా వచ్చింది. ఇక చాల్లే అనుకుంది ప్రశాంతి. ఆ కాస్తా పక్కన పెట్టి, రెండో సిరంజి అందుకుంది. యాదక్క ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి ప్రశాంతికీ హాయిగా అనిపించింది.

సాయంత్రం ఫోను ఎత్తిన డాక్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలో కూర్చుండిపోయాడు. పది మీదున్న రక్తం ఆరున్నరకు పడిపోయింది. మిగతావీ అలాగే పడిపోయాయి. నాగపూర్‌కు ఫోన్ చేస్తే, వెంటనే తీసుకురండి, రక్తం ఇచ్చేవాళ్లు ఉంటే వాళ్లనూ తీసుకురండి అన్నారు.

పొద్దున్నే ట్రాక్టరు వచ్చి దవాఖాన ముందు ఆగింది. తొట్టిలో పద్నాలుగు మంది. యాదక్కకు రక్తం కావాలంటే ఊళ్లో ముందే పండిన పొలాల కోతకు పోవలసిన వాళ్లు కూడా కొడవళ్లు చూరులో పెట్టి వచ్చేశారు. బస్సుకు ఇంకా గంట ఉంది. యాదక్క ట్రాక్టరు మీంచి తానే దూకినంత పని చేసి, మూట చంకన పెట్టుకుని, చకచకా మెట్లెక్కి వచ్చింది.

"ఏంరా అందరు గట్ల సచ్చిన మొకాలేసుకున్నరు?" అని వాళ్లనే కసిరింది. కానీ మూట దించి, పొలం ఉన్న దిక్కుకే చూస్తూ నిలబడింది. పొలం వైపు నుంచి రాలేదు, చూస్తే కదలబుద్ధి కాదని చుట్టుదారిన తెచ్చారు ఆమెను.

ప్రశాంతి ఆమె కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉంది. అరచేతులు చూసింది. నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వారంలో అంత రక్తం పడిపోయిన మనిషి మెట్లెక్కి, ఆయాసపడకుండా పద్నాలుగు మందిని తిట్టగలదా?

అప్పుడు తెలిసింది ఆమెకు. పంపింది మనిషిని కాదు.

చెప్పకుండా ఉండే దారి ఒకటుంది. బస్సెక్కే ముందు ఇంకోసారి చూద్దామని డాక్టరుతో అని, మెల్లగా తీసి పంపితే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన వచ్చి, వచ్చినట్టే పోయింది. కోత మానుకుని వచ్చిన మనుషులు వరండాలో వరుసగా నిలబడి ఉన్నారు.

"సార్, బస్సు వద్దు," అంది. "తప్పు నాది. మొదలు అయిదు సీసీలు పారెయ్యాలె. నేను ఒక్కటే పారేసిన. గొట్టంల నీళ్లు రక్తంల కలిసినయి. గందుకే అన్నీ తక్కువొచ్చినయి. యాదక్కకు ఏం కాలేదు సార్."

కృష్ణకాంత్ కోపంగా చూశాడు. తర్వాత ఆయనా వెళ్లి యాదక్క రెప్ప లాగి చూశాడు, నాడి చూశాడు. "ఎందుకు గట్ల చేసినవు ప్రశాంతీ?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోగా యాదక్క ముందుకొచ్చింది. "పొల్లనేమనకు సారు. నా వల్లనే. పారేస్తుంటె నేనే మొకం ముడుసుకున్న. నా మొకం చూసి ఆగింది." ప్రశాంతి వైపు తిరిగి చెయ్యి పట్టుకుంది. "ఇగ పారెయ్యి బిడ్డా. అయిదు గాదు, పది పారెయ్యి!"

"అయిదే యాదక్కా," అంది ప్రశాంతి. కళ్ల నీళ్లు కారుతూనే నవ్వొచ్చింది.

చేతులు కడిగింది. ముప్పై లెక్కపెట్టింది. ఈసారి సిరంజి మీద గీతలు చూస్తూ అయిదు నిండేదాకా లాగింది. యాదక్క కళ్లు మూసుకుంది. సిరంజి డబ్బాలో పడ్డ చప్పుడు విన్నాకే తెరిచింది. దుర్గయ్య ఆ రోజు పడవవాడి చేతిలోంచి గడ లాక్కుని తానే తోశాడని తర్వాత రేవులో చెప్పుకున్నారు.

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నాగపూర్‌కు ఫోన్ చేసింది ప్రశాంతే. జరిగింది జరిగినట్టు సుశీలాబాయికి చెప్పింది.

"నేనూ ఈ తప్పే చేసినప్పుడు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు," అంది సుశీలాబాయి. "ఆ పేషెంటుకు అక్కర్లేని రక్తం ఎక్కించారు. ఏమీ కాలేదు గాని, నాకు ఇప్పటికీ గుర్తే. నువ్వు రాత్రి దాటగానే చెప్పావు. రిజల్టు రాగానే నాకు ఫోన్ చెయ్యి. పెద్ద డాక్టరుకు నేను చెప్తాను."

మధ్యాహ్నం రెండున్నరకు ఫోను మోగింది. పద్నాలుగు మంది ఒక్కసారి లేచారు. డాక్టరు ఒక చేత్తో వాళ్లను ఆగమని సైగ చేస్తూ, రెండో చేత్తో కాగితం మీద రాసుకున్నాడు. రాసింది ప్రశాంతికి చూపించాడు. పది పాయింట్ నాలుగు. పోయిన వారం కన్నా ఎక్కువే.

సాంబన్న ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తుండుగుడ్డలో ముఖం దాచుకున్నాడు. యాదక్క మాత్రం వరండా మెట్టు మీద నిలబడి, "ఏమ్రో, రక్తమిచ్చుడు దప్పింది గద, ఇగ చాయన్నా తాగుండ్రి!" అని అరిచింది. చాయ్ వచ్చింది, దానితో పాటు ఎవరు తెప్పించారో అటుకులు కూడా వచ్చాయి. ఇంతదూరం వచ్చి ఊరికే పోవడమేమిటని కుర్రకారు పట్టుబట్టి, యాదక్కను ట్రాక్టరు మీద కూర్చోబెట్టుకుని, హారను కొట్టుకుంటూ సిరొంచ బజారంతా ఒక చుట్టు తిప్పారు. మందు దెబ్బకు జుట్టు ఊడిపోయిన తల మీద చెంగు జారిపోయినా ఆమె సర్దుకోలేదు.

తర్వాతి గురువారాలు ఒడిదుడుకులు లేకుండా సాగాయి. వరి కోసి కుప్ప వేశారు. మధ్యమధ్య నాగపూర్ పోయి వస్తూ మిగిలిన మూడు విడతల మందూ ఎక్కించుకుంది యాదక్క. సంక్రాంతి దాటాక నాగపూర్‌లో గొట్టం తీసేశారు. ఆ గొట్టం తనకిమ్మని యాదక్క ఎంత అడిగినా ఇవ్వలేదట. ఛాతీ మీద కుట్టు మానిన గీత ఒకటి మిగిలింది.

ఎండాకాలం రాకముందే సుశీలాబాయి ఫోన్ చేసింది. ముల్చేర నుంచి వచ్చిన ఒక గుమాస్తాకు ఇక్కడ అలాంటి గొట్టమే పెట్టారు, నాగపూర్ కన్నా నువ్వు దగ్గర, పంపమంటావా అని అడిగింది. పంపమంది ప్రశాంతి. భయం భయంగా వచ్చిన ఆ మనిషి మంచం మీద పడుకుని, ఆమె మొదటి సిరంజి పక్కన పెట్టడం చూసి, ఎందుకు పారేస్తున్నారని అడిగాడు.

ఆమె తొందరపడలేదు. క్లిప్పు బిగించి, అతనికి కనపడేలా సిరంజి వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.